ఆయన తినగలిగేదే అందరి వంట

ప్రశ్న: మేం తొమ్మిదిమంది స్నేహితులం. శ్రీకాకుళంలో కలిసి చదువుకున్నాం, ఇప్పుడు అందరం నలభైలు దాటాం. నెలకో ఆదివారం కలిసి భోంచేస్తాం. మొదట్లో ఎవరో ఒకరి ఇంట్లో వండుకునేవాళ్లం. రెండేళ్లుగా హోటలే. ఎవరి బిర్యానీ వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది, బిల్లు కట్టేసి లేచిపోతున్నాం. చిన్నప్పుడు కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్తే ఆ తిండిలో దేవుడున్నట్టే ఉండేది. అది మళ్లీ కావాలనిపిస్తోంది. కానీ మాలో ఒకరు క్రైస్తవులు, ఇద్దరికి దేవుడి మీద నమ్మకం లేదు. పూజలా పెడితే కుదరదు. ఇంకో మాట. సోంపేట వైపు మా స్నేహితుడొకడికి కిడ్నీ జబ్బు బయటపడింది. డయాలసిస్ ఇంకా మొదలు కాలేదు, షుగర్ లేదు. హోటల్లో మేం తింటుంటే మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. నాలుగు నెలలుగా రావడమే మానేశాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: "ఇంకో మాట" అంటూ మీరు చివర్లో రాసిందే అసలు ప్రశ్న. దానికి జవాబు దొరికితే మొదటి దానికీ దొరికినట్టే. తొమ్మిదిమందిలో ఒకడు ఆకలితో చూస్తూ కూర్చున్న భోజనంలోకి ఏ మంత్రం చదివినా దేవుడు రాడు. ఆ ఒక్కడు ఏం తినగలడో కనుక్కుని అదే అందరూ వండుకు తింటే, నమ్మకం లేని మీ ఇద్దరు స్నేహితులకి కూడా తేడా తెలుస్తుంది. కాబట్టి వచ్చే నెల హోటల్ మానండి, వంట మొదలుపెట్టండి. వంటకాలు ఆయన విస్తరి చూసి నిర్ణయించండి.

ఇది పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పిన మాటే. ఒంటరిగా తినేవాడు ఒంటరిగా పాపం మూటగట్టుకుంటాడని ఋగ్వేదం పదో మండలంలో ఉంది. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో అన్నాన్ని బ్రహ్మమని తెలుసుకున్న భృగువు అక్కడితో ఆగకుండా ఆనందం దాకా వెళ్తాడు. ఆ తర్వాత ఉపనిషత్తు మళ్లీ అన్నం దగ్గరికే వచ్చి నియమాలు చెబుతుంది: అన్నాన్ని నిందించకు, పారెయ్యకు, ఎక్కువగా పండించు, గడపలోకి వచ్చినవాణ్ణి కాదనకు. మనుస్మృతితో తగవు పడాల్సినవి చాలా ఉన్నాయి గానీ మూడో అధ్యాయంలో ఒక మాట మీకు పనికొస్తుంది. కొత్తగా పెళ్లయినవాళ్లకి, పిల్లలకి, రోగులకి, గర్భిణులకి అతిథుల కంటే ముందే పెట్టాలట, అందులో రెండో ఆలోచన ఉండకూడదట. మీ క్రైస్తవ మిత్రుణ్ణి అడిగితే కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరంలోని పదకొండో అధ్యాయం చూపిస్తారు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉండడమేమిటని పౌలు అక్కడ గట్టిగా మందలించి, భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగమంటాడు.

మీ వైపు నుంచి పూరీ ఎంతో దూరం లేదు. అక్కడ ఆనందబజారులో జగన్నాథుడి మహాప్రసాదాన్ని కులం అడక్కుండా పక్కపక్కన కూర్చుని తింటారు. ఆ మహాప్రసాదాన్నే ఇచ్చిపుచ్చుకుని జన్మంతా నిలిచే స్నేహం కట్టుకునే ఆచారం ఒడిశాలో ఉంది. స్నేహాన్నీ అన్నాన్నీ కలిపి దైవంగా చూడడం ఈ తీరంలో కొత్త కాదు.

ఇక పని సంగతి.

ముందు ఇద్దరే సోంపేట వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో పిలిస్తే ఆయన "మీరు కానివ్వండి" అంటాడు, కథ అక్కడితో ఆగిపోతుంది. ఎదురుగా కూర్చుని డాక్టరు ఇచ్చిన చీటీ, ఆఖరి రక్తపరీక్ష కాగితం చూపించమని అడగండి. తెలుసుకోవాల్సినవి నాలుగు. రోజుకి ఉప్పు ఎంత? నీళ్లకి కొలత పెట్టారా? పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గించమన్నారా? పప్పు, పాలు, గుడ్డు వంటివి ఎంతవరకు తినమన్నారు? కిడ్నీ జబ్బులో అందరికీ ఒకే పథ్యం ఉండదు. ఒకే మనిషికి కూడా దశ మారితే పథ్యం మారుతుంది. డయాలసిస్ మొదలవక ముందు మాంసకృత్తులు తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. అందుకని కింద చెప్పిన వంటని ఆ చీటీతో సరిచూసుకోండి. చీటీ ఒకటి చెప్పి మేం ఇంకొకటి చెబితే చీటీ మాటే వినండి. సోంపేట చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి, పథ్యం సంగతి అడిగితే అక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు.

మన మామూలు విందుభోజనంలో ఆయనకి ఇబ్బంది పెట్టేవి ఇవి. ఆవకాయ, అప్పడాలు, వడియాల్లో ఉప్పు. గుమ్మడికాయ, చిలగడదుంప, బంగాళదుంప, టమాటా, చింతపండు, బెల్లం, అరటిపండు, కొబ్బరినీళ్లలో పొటాషియం. పాలు, పెరుగు, పప్పులు, నువ్వులు, జీడిపప్పులో ఫాస్ఫరస్. అంటే గుమ్మడికాయ దప్పళం, నువ్వుగుండ కూర, బెల్లం పరవాన్నం ఈ ఒక్క పూటకి వద్దు. మనసుకి కష్టమే. కానీ బీరకాయ, ఆనపకాయ, దొండకాయ, పొట్లకాయ, క్యాబేజీ మిగిలాయి. వీటితో మంచి భోజనం వస్తుంది.

తొమ్మిదిమందికి పెట్టుకోగలిగిన వంట ఒకటి చెబుతాం: అన్నం, బీరకాయ పెసరపప్పు, ఆవపెట్టిన క్యాబేజీ కూర, మిరియాల చారు, పెరుగు, పంచదారతో రవ్వకేసరి.

బియ్యం కిలోంపావు. ఇంత బియ్యాన్ని ఒకే గిన్నెలో అత్తెసరు పెడితే అడుగు మాడుతుంది, పైన పలుకు ఉంటుంది. గంజి వార్చడమే మేలు. పది లీటర్ల గిన్నెలో ఆరు లీటర్ల నీళ్లు మరగనిచ్చి, ఇరవై నిమిషాలు నానిన బియ్యం వెయ్యండి. ఉప్పు వెయ్యొద్దు. మెతుకు నొక్కితే మధ్యలో సన్నటి పలుకు తగులుతున్నప్పుడే చిబ్బి పెట్టి వార్చండి. వార్చాక మూతపెట్టి పది నిమిషాలు ఉమ్మగిలనివ్వండి. మెత్తబడేదాకా ఆగి వారిస్తే ఉమ్మగిల్లేసరికి ముద్దయిపోతుంది.

బీరకాయలు రెండు కిలోలు, పెసరపప్పు 200 గ్రాములు. ఒక్కొక్క కాయా కొస కొరికి చూసి తరగండి. ఒక్క చేదుకాయ పడినా గిన్నె మొత్తం పోతుంది. పప్పు విడిగా సగం ఉడికాక ముక్కలు వెయ్యండి, నీళ్లు ఇంక పొయ్యొద్దు, బీరకాయ తన నీళ్లు తనే వదులుతుంది. తొమ్మిది వాటాలు వేస్తే మనిషికి పడే పప్పు ఇరవై గ్రాముల పైచిలుకు. ఇది మీ స్నేహితుడి లెక్కలో ఇముడుతుందో లేదో చీటీలో చూడండి. ఇమడకపోతే పప్పు సగం చేసి కాయలు పెంచండి, అందరికీ అదే కూర.

ఈ భోజనానికి ప్రాణం ఆవపెట్టిన కూర. ఆవఘాటు ముక్కుకి తగిలితే నాలుక ఉప్పు అడగదు, ఉప్పు తగ్గించిన వంటకి ఇంతకు మించిన సాయం లేదు. కిలోన్నర క్యాబేజీ సన్నగా తరిగి, మునిగేదాని కంటే రెట్టింపు నీళ్లలో ఎనిమిది పది నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, చల్లారాక గట్టిగా పిండండి. అలా వార్చి పిండితే కూరలో పొటాషియం కొంత తగ్గుతుంది, పచ్చివాసన కూడా పోతుంది. మూడు పెద్ద చెంచాల ఆవాలు, మూడు ఎండుమిరపకాయలు చన్నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి రుబ్బండి. నీళ్లు చల్లగానే ఉండాలి, వేడి తగిలితే ఆవఘాటు పుట్టదు. మిక్సీని ఆపకుండా తిప్పితే జారు వేడెక్కి ముద్ద చేదెక్కుతుంది, ఆపి ఆపి తిప్పండి. మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో క్యాబేజీ వేసి కలిపి దించేసి, గిన్నె చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక ఆవముద్ద, రెండు నిమ్మకాయల రసం కలపండి. పొయ్యి మీద ఉండగా ఆవ పెట్టడమే ఈ కూరలో అందరూ చేసే పొరపాటు. ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. చింతపండు బదులు నిమ్మకాయ ఎందుకో మీకు తెలిసిందే.

కూరల్లో ఉప్పు మీరు మామూలుగా వేసేదాంట్లో సగం వెయ్యండి. మిగతావాళ్లకి చప్పగా ఉంటుందనే బెంగ అక్కర్లేదు. విస్తరిలో ఓ మూల ఉప్పు వడ్డించడం మన అలవాటే కదా, కావలసినవాళ్లు కలుపుకుంటారు, ఆయన విస్తరిలో ఆ మూల ఖాళీగా ఉంటుంది, అంతే తేడా. ఒక్క హెచ్చరిక. తక్కువ సోడియం ఉప్పు అని పాకెట్లలో అమ్ముతారు. మంచిదని అది కొనుక్కెళ్లకండి. వాటిలో చాలావరకు సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకి అది ప్రమాదం, గుండె మీదికి రావచ్చు. మామూలు ఉప్పే తక్కువగా వెయ్యండి.

చారు లీటరున్నర చాలు, మిరియాలు, జీలకర్ర, నిమ్మరసంతో. నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లకి చారు, మజ్జిగ, పెరుగు కూడా ఆ కొలతలోకే వస్తాయి, ఇది చాలామంది మర్చిపోతారు. పెరుగు ఒక లీటరు, ఆయనకి ఒక గరిటె. నెయ్యి 125 గ్రాములు. కేసరికి పావుకిలో బొంబాయిరవ్వ, 300 గ్రాముల పంచదార, 100 గ్రాముల నెయ్యి, 800 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, యాలకులు. రవ్వ పూర్తిగా ఉడికి ఉబ్బాకే పంచదార వెయ్యాలి. ముందే వేస్తే రవ్వ అలాగే బిగుసుకుని గరగరలాడుతుంది.

ఆవకాయ లేకుండా భోజనమేమిటని ఎవరో ఒకరు అంటారు. ఒక్క పూట ఆగమనండి.

వంట కలిసి చెయ్యండి. క్యాబేజీ తరగడం, బీరకాయ చెక్కు తియ్యడం కూర్చుని చేసే పనులు, చేతులు పనిలో ఉంటే మాటలు వాటంతట అవే వస్తాయి. మగవాళ్లు కలిసి ఇంట్లోని ఆడవాళ్ల చేత వండించుకుని "మనం కలిసి భోంచేశాం" అనుకోవడం మాత్రం వద్దు. ఎవరింట్లో వండితే ఆ ఇంటి ఇల్లాలు ఆ పూట అతిథి, ఆవిడకీ విస్తరి వెయ్యండి. వాళ్లింట్లోవాళ్లు కలిస్తే మనిషికి 140 గ్రాముల చొప్పున బియ్యం పెంచుకోండి.

విస్తళ్లకి అడ్డాకులు తెచ్చుకోండి. సీతంపేట, పార్వతీపురం కొండల మీద గిరిజనులు కోసుకొచ్చి పుల్లలతో కుట్టేవి. ప్లాస్టిక్ పొర అంటించిన కాగితం పళ్లేలు వేడన్నానికి పనికిరావు. అడ్డాకుల్ని తడిగుడ్డతో రెండువైపులా తుడిచి, పుల్ల ఎక్కడైనా ఊడి పైకి లేచిందేమో వేలితో తడిమి చూడండి, ముద్దలో వస్తే గొంతుకి గుచ్చుకుంటుంది. అరిటాకైతే కొస తినేవాళ్ల ఎడమచేతి వైపు ఉండాలి.

మీ సోంపేట స్నేహితుడికి వేరే పళ్లెం పెట్టకండి. వేరే గిన్నెలో వండిన వేరే కూర కూడా వద్దు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ మన ఊళ్లలో వేరే పళ్లేనికి, వేరే గ్లాసుకి, వేరే పంక్తికి ఉన్న చరిత్ర మంచిది కాదు. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టారన్నది మన విందుల్లో ఎంతమంది మనసుల్ని కోసిందో పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. ఒకటే వరస, ఒకటే ఆకు, అందరికీ అవే వంటకాలు. మీరు అడిగిన పవిత్రతలో సగం ఇక్కడే ఉంది.

మిగతా సగం వడ్డనలో ఉంది. కూర్చునే ముందు ఫోన్లు గదిలో ఒక బుట్టలో పడెయ్యండి. చేతులు కుళాయి కింద కడుక్కోకుండా ఒకరు చెంబుతో పోస్తుంటే ఇంకొకరు కడుక్కోండి, తర్వాత చెంబు చేతులు మారుతుంది. చిన్నపనే, కానీ స్నేహితుడి చేతుల మీద నీళ్లు పోస్తున్నప్పుడు ఎంత తొందరలో ఉన్న మనిషైనా నెమ్మదిస్తాడు. ఏడుగురు కూర్చుంటే ఇద్దరు వడ్డించాలి. ప్రతి నెలా వేరే ఇద్దరు. ముందు ఉప్పు, తర్వాత కూర, పప్పు, కేసరి కాస్త, ఆ తర్వాత అన్నం, ఆఖర్న నెయ్యి. చివరి విస్తరిలో నెయ్యి పడేదాకా ఎవరూ ముద్ద కలపకూడదు. మీరు పెట్టుకోవాల్సిన కట్టుబాటు ఇదొక్కటే. ఆకలి మీద ఉండి, ఎదురుగా పొగలు కక్కే అన్నం పెట్టుకుని, ఏడో మనిషి కోసం ఆరుగురు చెయ్యి కదపకుండా ఆగుతారు. ఉపవాసానికీ ప్రార్థనకీ ఏ శక్తి ఉందంటారో అది ఈ ఆగడంలో ఉంది.

నెయ్యి పడ్డాక అర నిమిషం ఎవరూ మాట్లాడొద్దు. అలవాటున్నవాళ్లు విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి పరిషేచన చేసుకుంటారు, క్రైస్తవ మిత్రుడు తన కృతజ్ఞత చెప్పుకుంటారు, నమ్మకం లేనివాళ్లు ఊరికే కూర్చుంటారు. ఒకరి మాట ఇంకొకరి చేత పలికించకండి. పంక్తిలో గోవింద కొట్టడం మనకి ఇష్టమే గానీ, అందరి గొంతూ కలవనప్పుడు అది కొందర్ని బయట నిలబెడుతుంది. లేచేటప్పుడు వండినవాళ్లని చూసి "అన్నదాతా సుఖీభవ" అనండి. దానికి ఏ మతమూ అడ్డురాదు.

మారు వడ్డించేటప్పుడు రెండుసార్లు అడగండి, మూడోసారి వద్దు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే గరిటె వెనక్కి తీసుకోవాలి. బలవంతంగా వెయ్యడాన్ని ప్రేమ అనుకోవడం మనకున్న పెద్ద జబ్బు. ఆకులో అన్నం మిగిలేది దానివల్లే. మీ స్నేహితుడి విషయంలో అది ఇంకా చెడ్డది. "ఒక్క గరిటె, ఏం కాదులే" అన్న మాట ఆయన జబ్బు మొదలైన దగ్గర్నుంచి ప్రతి పెళ్లిలోనూ విని ఉంటాడు. మీ నోట వినకూడదు. ఆయన తిండి తక్కువ తింటే తక్కువే, ఎవరూ ఆయన విస్తరి వైపు చూస్తూ కూర్చోవద్దు, జబ్బు సంగతి భోజనం దగ్గర ఎత్తొద్దు. ఒంట్లో బాగుంటే వడ్డించే ఇద్దరిలో ఆయన్ని ఒకరిగా నిలబెట్టండి. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని చూసినవాడు గరిటె పట్టుకుని మీ ఆకుల్లో వెయ్యాలి.

వడ్డించినవాళ్లు కూర్చున్నప్పుడు, తిన్నవాళ్లలో ఇద్దరు లేచి వాళ్లకి వడ్డించాలి. మిగతావాళ్లు కబుర్లు చెబుతూ పక్కనే ఉండాలి. తినేసి ఫోన్ల బుట్ట దగ్గరికి పోతే చేసిందంతా వృథా.

కార్తీకంలో వనభోజనానికి ఉసిరిచెట్టు నీడకి వెళ్లాలనుకుంటే ఇదే వంట తోటలోనే వండుకోండి. పొద్దున్నే వండి, మూతలు బిగించి మధ్యాహ్నం దాకా గోరువెచ్చగా ఉంచిన అన్నం కడుపు పాడుచేస్తుంది, జబ్బున్న మనిషికి ఆ వాంతులూ విరేచనాలూ ఇంకా ప్రమాదం. వండిన రెండు గంటల్లో తినేలా చూసుకోండి. సోమవారాలు కొందరు పగలు ఉపవాసం ఉండి నక్షత్రం చూశాక తింటారు, ఆదివారమే అందరికీ వీలు. మీ క్రైస్తవ మిత్రుడికి చర్చి ఉంటుంది కనుక పన్నెండున్నర తర్వాత వడ్డన పెట్టుకోండి.

ఖర్చు తొమ్మిది వాటాలు వేసుకోండి, ఆయన తక్కువ తిన్నాడని వాటా తగ్గించకండి. ప్రతి నెలా బజారుకి వెళ్లే ముందు ఆయనకి ఒక ఫోను చేసి కొత్త రక్తపరీక్ష ఏం చెప్పిందో కనుక్కోండి. పొటాషియం అదుపులో ఉందని డాక్టరు సడలించిన నెల దప్పళం పెట్టుకోవచ్చు. గుమ్మడికాయ ముక్కలు విడిగా ఉడికించి నీళ్లు వార్చి వెయ్యండి, మిగతా ముక్కలు మెత్తబడ్డాకే చింతపండు పులుసు పొయ్యండి, ముందే పోస్తే ఆ పులుపుకి ముక్క గట్టిపడి ఎంతసేపున్నా ఉడకదు.